ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు

2025 దీపావళి వెళ్ళిన మూడో రోజున మా అమ్మ నన్ను పిలిచి, "ఒరే, మీ నాయన రాసిన పుస్తకం ఏమయిందిరా?" అని అడిగింది. ఆవిడకు 86 ఏళ్ళు. చూపు బాగా తగ్గిపోయింది గాని, వినికిడికి మాత్రం ఢోకా లేదు. వంటింట్లో గిన్నె జారిపడితే వీధి అరుగుమీద కూర్చునే అది ఏ గిన్నో చెప్పగలదు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పుస్తకం వుంది అంటే వుంది, లేదు అంటే లేదు.

మా నాన్నగారు నందికొట్కూరు తాలూకాలో, కృష్ణ ఒడ్డున వొక పల్లెలో 11 సంవత్సరాలు బడిపంతులుగా పనిచేశారు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగిపోయిన ఊళ్ళలో ఆ పల్లె వొకటి. ఆ దగ్గరలోనే వున్న సంగమేశ్వరం గుడి వేసవిలో నీరు తగ్గినప్పుడల్లా బయటపడి దర్శనమిస్తుంది. మా నాన్నగారి బడి మట్టిగోడలది. దానికి ఆ భాగ్యం కూడా లేదు. అంచేత ఆయన రిటైరయిన తరువాత ఆ ఊరినీ, అందులోని ఇళ్ళనూ, తన దగ్గర చదువుకున్న పిల్లల పేర్లనూ జ్ఞాపకం చేసుకుని నాలుగు లావుపాటి నోటుపుస్తకాల నిండా రాశారు. 2005లో కర్నూలులోనే వొక కంపోజింగు దుకాణంలో అక్షరాలు కూర్పించాము. 140 పేజీలయింది. అచ్చుకు డబ్బు చాలక, వచ్చే సంవత్సరం చూద్దామనుకున్నాము. 2007లో ఆయన పోయారు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర మా వీధిలోకి వచ్చింది. ఆ వరద సంగతి కర్నూలువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. నీళ్ళు దిగాక చూస్తే నోటుపుస్తకాలు నాలుగూ ముద్దయిపోయి వున్నాయి. అటకమీద వున్న వొక్క సీడీ మాత్రం బతికింది. ఊరు నీటిలో పోయింది, ఊరి కథ రాసిన కాగితాలూ నీటిలోనే పోయాయి. మిగిలింది ఆ బిళ్ళ వొక్కటే.

సరే, బిళ్ళ వుందిగదా, కంప్యూటరులో పెట్టి చూడరాదా అంటారు. పెట్టాను. అందులో వున్నది పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో కట్టిన ఫైలు. ఆ ప్రోగ్రాం 7వ కూర్పు 2001లో వచ్చింది. దాని తరువాత మరొకటి రాలేదు. అది పుట్టి పెరిగినది విండోస్ ఎక్స్‌పీ కాలంలో. ఎక్స్‌పీకి దాన్ని చేసిన కంపెనీ 2014 ఏప్రిల్ 8తో సంరక్షణ మానేసింది. నా దగ్గర వున్నదేమో 2016లో కొన్న కంప్యూటరు, అందులో విండోస్ 10. నేనెంత తంటాలు పడినా ఆ ఫైలు తెరుచుకోలేదు.

గోరుచుట్టుమీద రోకటిపోటు అన్నట్టు, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా మామూలు సంరక్షణ గడువు తీరిపోయింది. అడిగిన షరతులకు వొప్పుకున్న ఇళ్ళవాళ్ళకు ఇంకొక ఏడాది పొడిగింపు ఇస్తామన్నారు గాని, అది వాయిదాయే గదా. విండోస్ 11 వేద్దామా అంటే, మా కంప్యూటరు ప్రాసెసరు వాళ్ళ జాబితాలో లేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోను చేశాను.

"అది తీసేసి కొత్తది కొనెయ్యి మామయ్యా!" అన్నాడు.

"తొమ్మిదేళ్ళ గేదెను కూడా ఎవరూ అలా తీసేయరురా," అన్నాను. "ఇంకా పాలిస్తోంది."

వాడు నవ్వి, "అయితే ఇంకొక ఆపరేటింగ్ సిస్టం పెట్టుకో. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్నట్టు," అన్నాడు. ఆ మాట నాకు పట్టుకుంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలంటే మన దేశంలో వేరుపడ్డారని అర్థం. కాని కంప్యూటరులో ఇద్దరు వేరుపడి కూడా వొకే కప్పుకింద పేచీ లేకుండా బతకవచ్చునట!

ఇక్కడ ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటో రెండు ముక్కలు చెప్పాలి. కంప్యూటరు అంటే వంటిల్లు అనుకోండి. పాత్రలూ పొయ్యీ సరుకులూ అన్నీ వున్నాయి. కాని ఏది ఎక్కడ వుందో తెలిసి, ఎవరికి ఏది ఎప్పుడు అందించాలో చూసే ఇల్లాలు లేకపోతే వంట జరగదు. ఆ ఇల్లాలే ఆపరేటింగ్ సిస్టం. మనం వాడే ప్రోగ్రాములన్నీ ఆవిడ చేతికింద మనుషులు. ఒక ఇల్లాలి పద్ధతికి అలవాటుపడిన పనిమనిషి మరొక ఇంట్లో తడబడినట్టే, ఎక్స్‌పీ కాలపు ప్రోగ్రాం ఇప్పటి సిస్టంలో తడబడుతుంది.

రెండో సిస్టం ముచ్చట ఈనాటిది కాదు. 1980లోనే ఆపిల్ 2 అనే కంప్యూటరులో గుచ్చుకోవడానికి వొక అట్టను మైక్రోసాఫ్ట్ కంపెనీ అమ్మింది. ఆ అట్టమీద వేరే ప్రాసెసరు వుండేది. అది గుచ్చితే ఆపిల్ కంప్యూటరులో సీపీఎం అనే పరాయి సిస్టం నడిచేది. అంటే పొయ్యి వొక్కటే కాదు, వంటమనిషిని కూడా వెంట తెచ్చుకోవడమన్నమాట!

ఇప్పుడు అట్టలూ గిట్టలూ అక్కరలేదు. నేను మొదట చేసినది అన్నిటికన్నా తేలికయినది, పైసా ఖర్చు లేనిది. వొక 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ అనే సిస్టంను ఎక్కించి, కంప్యూటరును దానినుంచే లేపడం. లినక్స్‌ను 1991లో ఫిన్లండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి మొదలుపెట్టాడు. ఎవరయినా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందులో ఎన్నో రకాలున్నాయి. ఉబుంటు అని వొక రకం వుంది. దాని సీడీలను 2005 నుంచి 2011 దాకా అడిగినవారికల్లా పోస్టులో ఊరికే పంపేవారు. నేను లినక్స్ మింట్ అనే దాన్ని ఎంచుకున్నాను. బిళ్ళనుంచి సిస్టం నేరుగా నడిచే పద్ధతికి 2000లో జర్మనీ వారి నాపిక్స్ మంచి పేరు తెచ్చింది. ఇందులో సుఖమేమిటంటే, మన హార్డుడిస్కు జోలికి పోదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే చాలు, కంప్యూటరు ఎప్పటిలాగే వుంటుంది.

ఒక్క హెచ్చరిక. సిస్టం ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు వున్నదంతా తుడుచుకుపోతుంది. మా ఆవిడ ఏడెనిమిదేళ్ళుగా పోగుచేసుకున్న భజన పాటలన్నీ అలాగే గంగలో కలిశాయి. ఆ వారం మా ఇంట్లో కాఫీ రుచి గురించి నేను రాయదలచుకోలేదు.

నాలుగు రోజులు అలా నడిపి చూశాను. తెలుగు అక్షరాలు చక్కగా కనిపించాయి, ఇంటర్నెట్టు వచ్చింది, పాత కంప్యూటరు కూడా చురుకుగానే కదిలింది. ఇక దాన్ని డిస్కులోనే కాపురం పెట్టించాలనుకున్నాను. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. వంటిల్లు వొక్కటే, ఇల్లాళ్ళు ఇద్దరు. కాని ఇద్దరూ వొకేసారి లోపలికి రారు. పొద్దున్న తలుపు తీసేటప్పుడే ఈవేళ ఎవరి వంట అని అడుగుతారు. ఎవరిని పిలిస్తే వారిదే పెత్తనం.

ఇందుకు డిస్కులో గోడ కట్టాలి. ఈ గోడ కట్టడంలోనే ప్రమాదమంతా వుంది. నేను మూడు రోజులు కట్టలేదు. ముందు మా ఫోటోలూ కాగితాలూ అన్నీ మరొక డిస్కులోకి నకలు తీశాను. ఆ నాన్నగారి సీడీకి రెండు నకళ్ళు తీశాను. వొకటి అన్నయ్య ఇంటికి పంపాను. తరువాత విండోస్‌లో వుండే డిస్కు నిర్వహణ సాధనంతోనే దాని భాగాన్ని కుదించి, 100 జీబీ ఖాళీ చేశాను. విండోస్ భాగాన్ని విండోస్ చేతనే కుదిపించడం మంచిది. కొత్త లాప్‌టాప్‌లున్నవారు ఇంకొక సంగతి చూసుకోవాలి. వాటిలో డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం మనకు తెలియకుండానే వేసి వుండవచ్చు. లేచే పద్ధతి మార్చగానే అది 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. ఆ అంకెలు కాగితంమీద రాసి పెట్టుకోకుండా ఈ పనికి దిగితే, సొంత ఇంటిముందు నిలబడి తలుపు కొట్టుకోవలసిందే.

విండోస్ ముందు వుండి లినక్స్ తరువాత చేరితే సుఖం. లినక్స్ తనతో గ్రబ్ అనే ద్వారపాలకుణ్ణి తెచ్చుకుంటుంది. కంప్యూటరు లేవగానే ఆయన రెండు పేర్లూ చూపించి, ఏది కావాలో అడుగుతాడు. పూర్వం ఈ ద్వారపాలకుడికి ఇచ్చిన చోటు ఎంతో తెలుసునా? డిస్కు మొట్టమొదట వుండే 512 బైట్ల ముక్క. అందులోనే నాలుగు గదుల పటమూ ఇమడాలి. ఆయన కాళ్ళు చాపుకోవడానికి మిగిలేది 446 బైట్లు! ఈ కాలపు కంప్యూటర్లలో ఆయనకు వేరే చిన్న వాటాయే కేటాయించారు.

కాపురం పెట్టించిన మర్నాడు చిత్రం జరిగింది. ఉదయం లినక్స్‌లో పనిచేసి, స్కానరు అవసరమయి విండోస్‌లోకి వెళ్ళాను. గోడ గడియారంలో 10 గంటలు. కంప్యూటరులో తెల్లవారుజాము 4:30! మదరుబోర్డుమీది బ్యాటరీ అయిపోయిందనుకుని బజారుకు వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చి వేశాను. సాయంత్రానికి మళ్ళీ అదే వరస. చివరికి మా మేనల్లుడు రహస్యం విప్పాడు. కంప్యూటరు లోపలి గడియారంలో ప్రపంచానికంతటికీ వొకటయిన ప్రామాణిక కాలం వుండాలని లినక్స్ అంటుంది. స్థానిక కాలమే వుండాలని విండోస్ అంటుంది. వొకరు సరిచేసి వెళ్ళిన దాన్ని మరొకరు తమ లెక్కలో చదువుకుంటారు. మన దేశకాలానికీ ప్రామాణిక కాలానికీ తేడా అయిదున్నర గంటలు గనుక, సరిగ్గా అంతే తేడా వస్తుంది. లినక్స్‌కు వొక చిన్న ఆజ్ఞ ఇస్తే స్థానిక కాలానికి వొప్పుకుంది. అత్తాకోడళ్ళ కీచులాటలు చాలావరకు ఇలాంటివేనని నా అభిప్రాయం. మా ఆవిడ మాత్రం వొప్పుకోలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. విండోస్ 8 వచ్చిన 2012 నుంచీ, మనం ఆపివేసినా విండోస్ పూర్తిగా నిద్రపోదు. తొందరగా లేవడానికని సగం కునుకు తీస్తుంది. అప్పుడు దాని భాగంలో రాయడానికి లినక్స్ జంకుతుంది. అది మంచిదే. ఆ ఫాస్ట్ స్టార్టప్ అనే అలవాటు మాన్పిస్తే రెండు గదుల మధ్యా ఫైళ్ళు నిర్భయంగా తిరుగుతాయి.

ఇంతవరకు రోజువారీ పనికి దారి దొరికింది. బ్యాంకు పనీ, ఉత్తరాలూ లినక్స్‌లో. స్కానరు విండోస్‌లో, అదీ ఇంటర్నెట్టు తీసేసి. కాని మా అమ్మ అడిగినది దీన్నిగురించి కాదుగదా! వారానికొకసారి, "పుస్తకం దొరికిందా?" అంటూనే వుంది.

మొదట వైన్ అనే దాన్ని పట్టుకున్నాను. 1993లో మొదలయిన ప్రయత్నం అది. ఇది రెండో సిస్టం కాదు, దుబాసీ. విండోస్ ప్రోగ్రాం తన భాషలో అడిగినదాన్ని లినక్స్ భాషలోకి మార్చి చెబుతుంది. ఎన్నో ప్రోగ్రాములు ఇలా నడుస్తాయి. నా ప్రోగ్రాం మాత్రం నా చేతిలో నడవలేదు. సగం ఎక్కి కూర్చుండిపోయింది. దుబాసీని తప్పు పట్టలేము. ఇరవై ఏళ్ళనాటి యాస ఆయనకు మాత్రం ఎంతని తెలుస్తుంది?

అప్పుడు మేనల్లుడు వర్చువల్ మెషీన్ సంగతి చెప్పాడు. ఇది నాకు నిజంగా ఇంద్రజాలంలాగే కనిపించింది. నడుస్తున్న కంప్యూటరులోనే వొక కిటికీ తెరిచి, అందులో మరొక కంప్యూటరు వున్నట్టు నటించడం. లోపల పెట్టిన సిస్టం తనకు సొంత ప్రాసెసరు, సొంత జ్ఞాపకశక్తి, సొంత డిస్కు వున్నాయనుకుంటుంది. నిజానికి అవన్నీ బయటి సిస్టం కొలిచి పోసినవి. దాని డిస్కంటే మన డిస్కులో వొక పెద్ద ఫైలు, అంతే. రంగస్థలంమీద కట్టిన తెరలను చూసి నటుడే నిజంగా అడవి అనుకున్నట్టు!

ఈ ఊహ మొదట ఐబీఎం కంపెనీ వారికి 1960లలోనే తట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు కేంబ్రిడ్జిలోని వాళ్ళ పరిశోధనాలయంలో, గదంత కంప్యూటరును ముక్కలు చేసి, పనిచేసే ప్రతి మనిషికీ ఎవరి కంప్యూటరు వారికే వున్నట్టు పంచారు. 1972లో అది వీఎం 370 అనే పేరుతో బజారులోకి వచ్చింది. ఇళ్ళలోని చిన్న కంప్యూటర్ల ప్రాసెసర్లు ఇలాంటి నటనకు అనువుగా కట్టినవి కావు. 1999లో వీఎంవేర్ అనే కంపెనీ గడుసు ఉపాయంతో సాధించి చూపింది. 2005లో ఇంటెల్ వారూ, 2006లో ఏఎండీ వారూ ప్రాసెసరులోనే ఇందుకు సదుపాయం కల్పించారు. ఆ సదుపాయానికి వొక మీట వుంటుంది. అది చాలా కంప్యూటర్లలో మూసే వుంటుంది. నేను తెరవకుండానే వొక పూటంతా కుస్తీ పట్టాను.

నేను వాడినది వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం. మా పాత కంప్యూటరుతోపాటు వచ్చిన ఎక్స్‌పీ బిళ్ళ బీరువాలో భద్రంగా వుంది. మొత్తం 8 జీబీ జ్ఞాపకశక్తిలో వొక జీబీ, డిస్కులో 20 జీబీ దానికి ఇచ్చాను. ఎక్స్‌పీ తన కాలంలో 128 ఎంబీతోనే సంతృప్తిపడేది. అంచేత ఇది దానికి రాజభోగం. ఇంటర్నెట్టు తీగ మాత్రం ఇవ్వలేదు. పదేళ్ళకు పైగా కాపలా లేని సిస్టంను వీధిలోకి వదలకూడదు. ముప్పావుగంటలో ఆ పచ్చని గుట్ట, నీలి ఆకాశం బొమ్మ తెరమీద ప్రత్యక్షమయింది. 30 రోజులలోగా నమోదు చేసుకోమని మూల వొక చీటీ కూడా కనిపించింది. ఆ వ్యవహారం ఇంత పాత సిస్టంకు ఇప్పుడు ఎలా నడుస్తుందో వెదుక్కునే ఓపిక లేక, 30 రోజుల్లోనే పని ముగించాలని నిశ్చయించుకున్నాను.

పేజ్‌మేకర్ ఎక్కింది. ఫైలు తెరుచుకుంది. నేను గట్టిగా, "అమ్మా, వచ్చింది!" అని కేక పెట్టాను. ఆవిడ గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. "చదువు," అంది.

చదవడానికి అక్కడ తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, నక్షత్రాలూ, గీతలూ, చుక్కలూ. 140 పేజీలూ అంతే.

కారణం తరువాత తెలిసింది. యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో 1991 నుంచే మన లిపికి 128 గళ్ళ జాగా వుంది. కాని అచ్చు దుకాణాలవాళ్ళు అప్పట్లో దాన్ని వాడేవారు కారు. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలోనే తెలుగు తలకట్లూ వత్తులూ ముక్కలుగా దాచుకునేవారు. ఆ ఫాంటు వుంటేనే అది తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. మా సీడీలో ఫైలు పెట్టినవారు ఫాంట్లు పెట్టలేదు. మా అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పాతబస్తీలో ఆ కంపోజింగు దుకాణం కోసం వెదికాను. దుకాణం పోయి పదేళ్ళయిందట. నడిపినతను ఇప్పుడు ఫ్లెక్సీ బోర్డులు వేస్తున్నాడు. నేను చెప్పినదంతా విని, "పంతులుగారి పుస్తకమా సార్! అప్పుడు ఆయన రోజూ వచ్చి నా పక్కన స్టూలుమీద కూర్చుని తప్పులు దిద్దేవారు," అన్నాడు. ఆ ఫాంట్లు పారేశావా అని భయపడుతూ అడిగాను. "పారేస్తే నా అన్నం ఎట్లా సార్? బోర్డులకు ఇప్పటికీ అవే," అంటూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

ఫాంట్లను ఎక్స్‌పీలో వేసి ఫైలు తెరిచాను. ఈసారి కేక పెట్టలేదు. వొక నిమిషం ఊరికే చూస్తూ కూర్చున్నాను. మొదటి పేజీలో ఆ ఊరి బావి, దాని పక్కన చింతచెట్టు, చెట్టుకింద బడి.

అన్ని పేజీలనూ పీడీఎఫ్‌గా మార్చి ఎక్స్‌పీ కిటికీలోంచి బయటి లినక్స్‌లోకి తెచ్చుకున్నాను. ఆ రాత్రి నుంచి రోజుకు పది పేజీల చొప్పున మా అమ్మకు చదివి వినిపిస్తున్నాను. మా ఆవిడ కూడా పని ముగించుకుని వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటోంది. భజన పాటల సంగతి ఈమధ్య ఎత్తడం లేదు.

నాలుగో రోజున 37వ పేజీలో బడిపిల్లల పేర్లు వచ్చాయి. "సుంకులమ్మ" అని చదివాను.

"ఆగు," అంది మా అమ్మ. "సుంకులమ్మ కాదురా, సుంకమ్మ. సుంకులమ్మ దాని చెల్లెలు. అది బడికే రాలేదు. మీ నాయన అచ్చుతప్పు చూసుకోలేదు. దిద్దు."

"ఇప్పుడా?"

"మళ్ళీ మరిచిపోతే?"

పీడీఎఫ్‌లో దిద్దడం నాకు చేతకాదు. దిద్దాలంటే మళ్ళీ ఎక్స్‌పీని లేపాలి. గడువు చూశాను. ఇంకా 9 రోజులు వుంది. కిటికీ తెరిచి పేజ్‌మేకర్‌లో 37వ పేజీ తీశాను. పాత కీబోర్డు వరస మరిచిపోయి, "సుంకమ్మ" అనే వొక్క మాట కొట్టడానికి పావుగంట పట్టింది. మా అమ్మ కుర్చీ దగ్గరగా జరుపుకుని, "తరువాత పేరు చదువు," అంది.